దారం కట్టిన ఆనపకాయ

విత్తనాల పొట్లం వెనక చిన్న అక్షరాల్లో ఒక మాట రాసి ఉంటుంది. ఎవరూ చదవరు. నేను చదువుతాను. ఈ కాయల్లోంచి గింజలు తీసి మళ్ళీ నాటుకోవద్దని దాని భావం. మట్టి నాది, నీళ్ళు నావి, వంగి వంగి నొప్పిపుట్టిన నడుం నాది, గింజ కావాలంటే మాత్రం మళ్ళీ వాళ్ళ కొట్టుకే వెళ్ళాలన్నమాట. మొదటిసారి అది చదివినప్పుడు కొట్టతనితో అరగంట పోట్లాడాను.

"నేను రాశానేంటండీ? కొంటే కొనండి, లేపోతే అక్కడ పెట్టేయండి" అన్నాడు.

అక్కడే పెట్టేసి వచ్చేశాను.

చిన్న అక్షరాలు చదవడం నాకు పాత అలవాటు. కడియం నర్సరీల్లో నలభై ఏళ్ళు అంట్లు కట్టాను. మొక్క వేళ్ళకి మట్టి ముద్ద పెట్టి, గోనె చుట్టి, లారీ ఎక్కించేటప్పుడు సందుల్లో పాత పేపర్లు కూరేవాళ్ళం. కూరే ముందు నేను ప్రతి ముక్కా చదివేవాణ్ణి. సగం వార్త ఒక రోజు దొరికేది, మిగతా సగం ఏ మందార మొక్కతోనో ఉత్తరాదికి వెళ్ళిపోయేది. అలా సగం సగం చదువుకున్నవాణ్ణి. బళ్ళో నా చదువు నాలుగో తరగతితో ఆగింది. పొద్దున్నే నారుమళ్ళకి నీళ్ళు తోడి బడికెళితే, టీచరమ్మ నా కాళ్ళ మట్టి చూసి కడుక్కు రమ్మంది. కాలవలో కడుక్కుని వచ్చేలోపు గట్టు మట్టి మళ్ళీ అంటుకుంది. మళ్ళీ పొమ్మంది. మూడోసారి నేను తిరిగి వెళ్ళలేదు. అరవై ఏళ్ళు దాటిపోయింది. ఆ కోపం ఇంకా తడారలేదు.

ఇప్పుడు మేముండేది రాజమండ్రిలో, మూడంతస్తుల మేడలో, కింది వాటాలో. అమ్మాయికి ఇక్కడ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. నేను, మా ఆవిడ, అమ్మాయి. మూడో అంతస్తులో రిటైరైన టీచరు గారొకరు ఒక్కరే ఉంటారు. ఆవిడా మేమెళ్ళే చర్చికే వస్తారు. ఆవిడ నెత్తి మీద డాబా. మొక్కలు పెట్టుకోమని ఇంటివాళ్ళు నాకు ఆ డాబా ఇచ్చారు. దేశం నలుమూలలకీ లారీలకొద్దీ మొక్కలు పంపిన చేతులివి. వీటికి సొంతంగా ఒక జానెడు పెరడు ఎప్పుడూ లేదు. పాకలో ఉన్నాం, షెడ్డులో ఉన్నాం, అద్దె గదుల్లో ఉన్నాం. డెబ్భై దాటాక నాకు దొరికిన మొదటి పెరడు ఆకాశంలో దొరికింది.

ఖాళీ పెయింటు బకెట్లు, నిలువునా కోసిన నీళ్ళ డ్రమ్ము, చేపల మార్కెట్టులో పారేసే థర్మాకోల్ పెట్టెలు పోగుచేశాను. మరి మట్టి? డెల్టాలో పుట్టినవాణ్ణి మట్టి గురించి అడగాలా? వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు అడుగున తేలే పూడికమట్టి మాకు దేవుడిచ్చిన ఎరువు. మా నాన్న ఆ మట్టి తట్టల్లో మోసుకొచ్చి పాదుల్లో పోసేవాడు. నేను సిమెంటు సంచుల్లో నింపి, ఆటోలో వేసి తెచ్చాను. సంచి భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే టీచరు గారు తలుపు తీశారు.

"ఏంటండీ ఇదీ, కాలవ మొత్తం పైకి ఎక్కించేస్తున్నారా?"

"మట్టండి. మొక్కలకి."

"డాబా మీద అంత బరువా? కొబ్బరి పొట్టు వాడతారండీ ఈమధ్య. తేలిగ్గా ఉంటుంది, నీళ్ళు నిలవ్వు. ఫోన్లో చూపిస్తాను రండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "కొబ్బరి పొట్టాండీ? కోనసీమలో రోడ్డు పక్కన కుప్పలు పోసి తగలెడతారు దాన్ని. ఇటికలా నొక్కి, పైన ప్లాస్టిక్కు కాగితం చుట్టి అమ్మితే మందైపోద్దేంటండీ? నలభై ఏళ్ళు మట్టి పిసికినోణ్ణండి నేను."

"నేను ముప్ఫై ఐదేళ్ళు పిల్లల్ని పిసికానండి. మొండోళ్ళని చూడగానే పోల్చుకుంటాను" అని ఆవిడ తలుపేసుకున్నారు.

టీచర్లందరూ ఒకటే అనుకున్నాను.

బెండ, గోంగూర, వంగ, పచ్చిమిరప వేశాను. అన్నిటికన్నా ముఖ్యం డ్రమ్ములో పెట్టిన ఆనప. అది కొట్లో దొరికే రకం కాదు. సన్నటి మెడ, గుండ్రటి పొట్ట. లేతగా ఉంటే కూరకి, ముదిరి ఎండితే బుర్రకి. మా నాన్న పొలానికి మంచినీళ్ళు ఆ బుర్రలోనే పట్టుకెళ్ళేవాడు. రెండు బుర్రలు వీపుకి కట్టుకుని నేను కాలవలో ఈత నేర్చుకున్నాను. గింజలు బూడిదలో కలిపి, ఇంకో బుర్రలో పోసి, చూరుకి వేలాడదీసేవాళ్ళు. మా అక్క ఇంటి మీద ఆ తీగ ఈమధ్య దాకా పాకేది. తాటాకిల్లు తీసేసి స్లాబు వేశాక తీగకి చోటు లేకపోయింది. చనిపోయేముందు అక్క ఒక గుడ్డముక్కలో మూటకట్టి తొమ్మిది గింజలు నా చేతిలో పెట్టింది. "ఇంకెక్కడా లేవురా ఇయ్యి" అంది.

తొమ్మిదీ పెట్టాను. రెండు మొలిచాయి. ఒకటి పది రోజుల్లో కుళ్ళిపోయింది. మిగిలిన ఒక్కటే పందిరెక్కింది. అది విత్తనమివ్వకుండా పోతే ఆ రకం అక్కడితో సరి.

ఆనప పువ్వు సాయంత్రం విచ్చుతుంది. మూడంతస్తుల పైకి రెక్కల పురుగు ఏదీ రాలేదు. అందుకని చీకటి పడే వేళ మగపువ్వు కోసి, రేకలు వలిచి, పుప్పొడి ఆడపువ్వుకి నేనే అద్దేవాణ్ణి. అయినా పిందెలు పసుపెక్కి రాలిపోయేవి. డ్రమ్ములో మట్టి ఎండితే ఇటికలా బిగుసుకుపోయేది, తడిపితే జావలా పైనే నిలిచేది. వేలు గుచ్చితే కుళ్ళు వాసన. ఆ వాసనేంటో నాకు తెలుసు. నర్సరీలో ఏ కూలీ పాదు అలా వాసనేసినా తిట్టేవాణ్ణి. కానీ నా పూడికమట్టి మీద మాట పడనిస్తానా? విత్తనం పాతదయ్యుంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

ఆ ఏడు వర్షాల్లోనే టీచరు గారు, గది కప్పు చెమ్మెక్కుతోంది, దయచేసి వచ్చి చూడండి అని ఒక ఉత్తరం రాసి మా తలుపు సందులో పెట్టారు. చూడ్డానికి వెళ్ళలేదు. మేడ కట్టినవాడు సిమెంటు తినేస్తే నా మొక్కలేం చేస్తాయని మెట్ల మీదే అనేశాను. ఆ తర్వాత ఆరు నెలలు మాకు మాటల్లేవు. రోజూ బకెట్టుతో ఆవిడ గుమ్మం ముందునుంచే ఎక్కేవాణ్ణి, దిగేవాణ్ణి. ఆవిడ తలుపు వారగా వేసుండేది. నేను గోడకేసి చూసేవాణ్ణి.

చివరికి ఒక్క పిందె నిలిచింది. పిడికెడయ్యాక దాని తొడిమకి ఎర్రదారం కట్టాను. మా ఇంట్లో అది ఆనవాయితీ. దారం కట్టిన కాయ విత్తనానిది. దాని జోలికి ఎవరూ వెళ్ళరు. ఇంత చిన్న సంగతి మా ఆవిడకి వేరే చెప్పాలని నాకు తోచలేదు.

దానికి నెలన్నర వయసు వచ్చేసరికి సార్వా వరి కోతలు అయిపోయాయి, మా గుడిలో, అదే మా చర్చిలో, కోత పండుగ వచ్చింది. పండిన దాంట్లో తొలిదాన్ని దేవుడికి తెచ్చే ఆదివారమది. గుమ్మానికి వరి కంకుల కుచ్చులు కడతారు. అరటిగెలలు, గుమ్మడికాయలు, గుడ్లు, కాళ్ళు కట్టిన కోళ్ళు బల్ల నిండా పేరుస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడి, ఆ డబ్బు గుడికి జమ చేస్తారు. కుచ్చులు కట్టడానికి నేను ముందే వెళ్ళాను. మా ఆవిడ తర్వాత ఆటోలో వచ్చి ఆడవాళ్ళ వైపు కూర్చుంది.

పాటలన్నీ అయ్యి, ప్రసంగం అయ్యి, వేలం మొదలైంది. గుమ్మడికాయ పోయింది, పుంజు పోయింది. సంఘపెద్ద మూడో వస్తువు పైకెత్తాడు. సన్నటి మెడ, గుండ్రటి పొట్ట, తొడిమకి ఎర్రదారం.

తెలియకుండానే చెయ్యెత్తేశాను.

"ఏంటి బాబాయ్ గారూ?" సంఘపెద్ద మైకులోనే నవ్వాడు. "పిన్నిగారు దేవుడికిచ్చింది తమరు వెనక్కి లాక్కుంటారా?"

గుడంతా గొల్లుమంది. ఎవరి కానుక వాళ్ళు పాడుకోకూడదని మాలో ఒక మర్యాద ఉంది. ఇచ్చి లాక్కున్నట్టవుతుంది. చెయ్యి దించేశాను. ముందు వరసలోంచి ఒక ఆడగొంతు పాట పెంచింది. ఇంకెవరూ పెంచలేదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. కాయ అందుకుని సంచిలో వేసుకున్నది మా మూడో అంతస్తు టీచరు గారు.

ఆటోలో మా ఆవిడని నిలదీశాను. "దారం కనపళ్ళేదా నీకు?"

"కనపడే కదండీ కోసింది! దేవుడి కాయ అని దారం కట్టారు, పండక్కి బాగా పెద్దదవ్వాలని ఉంచారు అనుకున్నాను. ఎంత భక్తొచ్చిందో ఈయనకి అని మురిసిపోయాను కూడాను."

"దారం కట్టేది విత్తనానికే!"

"మా ఊళ్ళో దేవుడికేనండి. మా అమ్మ తొలికాయకి దారం కట్టిందంటే మేం దాని నీడ కూడా తొక్కేవాళ్ళం కాదు."

ఆవిడది కోనసీమ. నాది కడియం పక్క. మధ్యలో ఒక్క గోదావరి పాయ. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఈ తేడా ఒక్కసారీ బయటపడలేదు. ఎలా పడుతుంది? దారం కట్టడానికి మాకు తీగెప్పుడుంది?

"వెళ్ళి అడగండి" అంది ఇంటికొచ్చాక. "కోసేస్తారేమో పొద్దున్నే."

"ఆవిడనా?"

"లేపోతే మీ అక్కనడుగుతారా?"



మర్నాడు పొద్దున్నే బకెట్టు పట్టుకుని మెట్లెక్కాను. ఆవిడ గుమ్మం దాటిపోయాను. డాబా మీద కాయలేని తీగ చూశాను. చివర్లు అప్పుడే వడలిపోతున్నాయి. అది ఇంకో కాయ కాయదు. దిగొచ్చి తలుపు కొట్టాను.

"రండి" అన్నారు టీచరు గారు. "ఆర్నెల్లకి దారి తెలిసిందా?"

"ఆనపకాయ గురించండి."

"దాన్ని కాయంటారేంటండీ! దప్పళం పెడదామని నిన్న కత్తి పెడితే నా కత్తి వంగింది. మీ ఆవిడిచ్చిందే కదా, దేవుడి దగ్గర కూడా ముదురు సరుకు వదిలించుకునే వాళ్ళున్నారనుకున్నాను."

"తెలియక ఇచ్చేసిందండి. కోసేశారా మొత్తం?"

నా మొహం చూసి ఆవిడ నవ్వు ఆపేశారు. కూర్చోమన్నారు. అక్క సంగతి, తొమ్మిది గింజల సంగతి, దారం సంగతి చెప్పాను. "ఉండండి" అని వంటింట్లోకి వెళ్ళారు.

అప్పుడు వినిపించింది, టప్ మని. పక్క గది తలుపు తీసే ఉంది. మంచం మధ్యలోంచి గోడవారకి జరిపేసి ఉంది. అది ఉండాల్సిన చోట ఒక స్టీలు బేసిను. తలెత్తి చూశాను. కప్పు మీద చాపంత మరక. అంచుల దగ్గర సున్నం పెళ్ళలు లేచిపోయాయి. మధ్యలో రంగు ముదురుగా, నల్లగా, కాస్త పచ్చగా ఉంది. ఆ రంగు ఎక్కడున్నా నేను పోలుస్తాను. అది మా కాలవ రంగు. సరిగ్గా దాని పైన ఉన్నది నా డ్రమ్ము.

పొలంలో మట్టికి కింద ఇంకా భూమి ఉంటుంది. తాగినంత తాగి మిగతాది కిందికి వదిలేస్తుంది. డ్రమ్ములో మట్టికి కింద ఏముంది? ఆవిడ మంచం. ఇది తెలుసుకోవడానికి ఫోను అక్కర్లేదు, నలభై ఏళ్ళ అనుభవమూ అక్కర్లేదు. మూడు అడుగులు పక్కకి వేసి చూస్తే చాలు. ఆరు నెలలు నేను ఆ మూడు అడుగులు వేయలేదు.

టీచరు గారు కాయతో వచ్చి, నేనెటు చూస్తున్నానో చూశారు.

"అబద్ధమనుకున్నానండి" అన్నాను.

"ఉత్తరం రాశాను కదండీ. చదవలేదా?"

"చదివి చించేశాను."

"ఏం, తప్పులున్నాయా?"

"ఒక్కటీ లేదండి. అందుకే ఇంకా కోపమొచ్చింది."

ఆవిడ గట్టిగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కాయ చేతిలోకి తీసుకున్నాను. పొట్ట మీద బొటనవేలంత గాటు. లోపలి గుజ్జు కనపడుతోంది. చెమ్మ తగిలితే రెండు రోజుల్లో అక్కణ్ణుంచి కుళ్ళు మొదలై గింజల్ని తినేస్తుంది. పైగా కాయ నిండా ముదరలేదు. తీగనుంచి వేరుపడింది కాబట్టి ఇక దాని బలంతో అదే లోపల గింజని పండించుకోవాలి.

"కొవ్వొత్తుందాండీ? ఒక పాలిథిన్ కవరు కూడా."

రెండూ తెచ్చారు. గాటు చుట్టూ శుభ్రంగా తుడిచి ఆరనిచ్చాను. కొవ్వొత్తి వెలిగించి, మైనం చుక్కలు చుక్కలుగా గాటు మూసుకునేదాకా పోశాను. కవరుని వేలెడు వెడల్పు పీలికలుగా చింపి, కింద నుంచి పైకి, ఒకదాని అంచు మీద ఇంకొకటి పడేలా లాగి లాగి చుట్టాను. కొన్ని వేల మామిడి అంట్లకి కట్టిన కట్టే ఇది. వేళ్ళు వాటంతటవే వెళ్ళాయి. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి వంగి చూశారు.

"ఎక్కడ నేర్చుకున్నారండీ ఇదంతా?"

"బడి మానేశాకండి."

అది నేను ఎగతాళిగానే అన్నాను. ఆవిడ మాత్రం తల ఊపారు. ఎందుకు మానేశానని అడిగితే కాళ్ళ మట్టి సంగతి కూడా చెప్పేశాను. ఆవిడ కొవ్వొత్తి ఆర్పి పక్కన పెట్టారు. "నేనూ పంపేసే ఉంటాను ఎవణ్ణో ఒకణ్ణి" అన్నారు చివరికి. ఆ టీచరమ్మ తరఫున ఎవరూ నాకు అంతమాత్రం కూడా చెప్పలేదు ఇన్నేళ్ళలో.

కాయ తీసుకుని లేవబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"అదెక్కడికండీ? పాడుకున్నది నేను. నా అటక మీదే ఎండుతుంది. మీ ఇంట్లో ఒక దారానికి ఇద్దరు రెండర్థాలు చెబుతారు, నమ్మలేను. మీరే వచ్చి చూసుకుంటూ ఉండండి."

అలాగేనండి అన్నాను. వెళ్ళేటప్పుడు చూస్తే గుమ్మం దగ్గర నుంచి కుర్చీ దాకా నా పాదాల గుర్తులు, డాబా మట్టివి. వంగి తుడవబోతే వద్దన్నారు.

ఆ రోజు నుంచే మట్టి దించడం మొదలుపెట్టాను. ఎక్కించేటప్పుడు లేని ఆయాసం దించేటప్పుడు వచ్చింది. ఎక్కడ తవ్వానో ఆ కాలవగట్టు మీదే పోశాను. ఆ మట్టిలో తప్పు లేదు, ఇప్పటికీ అదే అంటాను. పెట్టిన చోటే తప్పు. మా బావమరిది కోనసీమ నుంచి నాలుగు గోతాల కొబ్బరి పొట్టు పంపించాడు, ఉత్తపుణ్యానికి, ప్లాస్టిక్కు కాగితం లేకుండా. దాన్ని మూడుసార్లు నీళ్ళలో నానబెట్టి పిండి, చివికిన పశువుల ఎరువు సగానికి సగం కలిపాను. డ్రమ్ము అడుగున చిల్లులు వేసి, ఇటికల మీద నిలబెట్టి, కారే నీళ్ళు నేరుగా తూముకి పోయేలా వాలు చేశాను. కప్పు మరక మాత్రం వెంటనే పోలేదు. చుక్క ఆగడానికి మూడు వారాలు పట్టింది. తర్వాత నేనూ మా అమ్మాయీ కలిసి ఆవిడ గదికి సున్నం వేశాం.

ప్రతి ఆదివారం గుడి నుంచి వచ్చాక పైకెళ్ళి కాయ చూసేవాణ్ణి. టీచరు గారు టీ పెట్టేవారు. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాణ్ణి. చప్పుడు లేదు. పచ్చదనం పోయి గోధుమరంగు తిరిగింది. మైనం పక్కన నల్లటి మచ్చ ఒకటి లేచింది. అది పెరుగుతుందేమోనని రెండు వారాలు నాకు అన్నం సయించలేదు. మచ్చ అక్కడే ఆగిపోయింది. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఆదివారం ఊపితే లోపల గలగలమంది. నేను కాయ ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ కూడా చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. మా ఆవిణ్ణి కేకేశారు. ముగ్గురం వంతులవారీగా ఊపాం, చిన్నపిల్లల గిలక్కాయలా.

మెడ దగ్గర రంపంతో కోసి గింజలు రాల్చాను. చూడ్డానికి చాలానే ఉన్నాయి. నీళ్ళలో వేస్తే చాలామటుకు తేలిపోయాయి, తాలు. గాటు పడిన వైపువన్నీ తాలే. పద్నాలుగు మునిగాయి. పద్నాలుగు చాలు. అక్క నాకిచ్చినవి తొమ్మిదే.

నాలుగు గింజలు ఆ డ్రమ్ములోనే పెట్టాను. రెండు టీచరు గారి బాల్కనీ కుండీలో పెట్టాను. మిగతా ఎనిమిది బూడిదలో కలిపి ఆ బుర్రలోనే పోసి, గుడ్డ కుక్కి, ఆవిడ అటక మీదే పెట్టాం. పైన పేరు రాద్దామని ఆవిడ కాగితం తీశారు. "మీరే రాయండి, రకం మీది కదా" అని పెన్ను నా చేతికిచ్చారు. బుర్ర ఆనప అని రాశాను. నా అక్షరాలు గుండ్రంగా రావు, పేపర్లో అచ్చులా నిటారుగా వస్తాయి. ఆవిడ ఏమీ దిద్దలేదు.

ఈ ఏడు పందిరికి చోటు చాలడం లేదు. నిన్న పొద్దున్న మా ఆవిడ తనంతట తను పైకొచ్చి, తొలి పిందెకి తెల్లదారం కట్టింది.

"ఇది దేవుడిదండి. ఇంక గుడిలో చెయ్యెత్తకండి, పరువు పోయింది కిందటేడు" అంది.

రెండో పిందెకి నేను ఎర్రదారం కట్టాను. వెనకనుంచి టీచరు గారు వచ్చి, వేరే కొమ్మకున్న మూడో పిందెకి స్వెట్టరులోంచి లాగిన పచ్చ ఉన్నిదారం ముడేశారు.

"అదేంటండీ, ఇదెవరిది?" అన్నాను.

"దప్పళానిది. పదిరోజుల్లో కోసేస్తాను, గోరు దిగేటప్పుడే. మీ దారాల్ని నమ్ముకుంటే నాకు రోజుకో కత్తి కావాలి."

మా ఆవిడ నవ్వుతూ మెట్లు దిగిపోయింది. నేను డ్రమ్ము కింద చెయ్యి పెట్టి చూశాను. పొడిగానే ఉంది.